అందరూ చూసిన మనిషి

మా బావ పోయింది ఉగాది దాటాక వచ్చిన మూడో మంగళవారం, పొద్దున ఎనిమిదీ పది నిమిషాలకు. గోడ గడియారం చూసి రాస్తున్న మాట ఇది. ఆ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుంది, ఆ రెండూ తీసేసే రాశాను. ఎవరైనా చనిపోతే దినం, గంట, అక్కడున్న మనుషులు, ఈ మూడూ రాసి పెట్టకపోతే అది బతికున్నవాళ్ల మెడకు చుట్టుకుంటుందని ఆయన చెప్పి చెప్పి నా చెవులు చిల్లులు పడ్డాయి. దినమూ గంటా రాసేశాను. మనుషుల సంగతి చివర రాస్తాను.

ఆయన పేరు మాత్రం రాయను. అదీ ఆయన మాటే. "నిజం కథల పుస్తకాల్లో పేర్లు మారుస్తారు నాగమ్మా. నాకు ఇంకొకడి పేరు తగిలించేదానికంటే పేరు లేకుండానే వదిలెయ్" అన్నాడు. వదిలేశాను.

మా అక్క మొగుడు. అక్క పోయింది, మా ఆయనా పోయాడు. హోసూరు పక్క మత్తిగిరి దాటాక మా ఊరు, అక్కడ మా రెండిళ్లకూ మధ్య గోడ ఒక్కటే. పొయ్యి కూడా ఒక్కటే చేశాం, అది నా వైపు. ఆయన ఒంటి మీద ఎండాకాలంలో కూడా గోధుమరంగు స్వెటరు, కళ్లద్దాలకు ఒక పక్క కాడ, ఇంకో పక్క దారం. ఆ దారాన్ని చెవికి చుట్టుకోవడం ఆయన ఏదైనా ముఖ్యమైన మాట చెప్పబోతున్నాడనడానికి గుర్తు. ఆ ముఖ్యమైన మాట ఎప్పుడూ ఎవరో ఎవరినో చంపిన సంగతే.

వయసులో ఉన్నప్పుడు జూజువాడిలో, రాష్ట్రం సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర, టీ అంగడి పెట్టుకున్నాడు. లారీలు వరస కట్టి నిలబడేవి. ఆంధ్రా డ్రైవర్లు టీ తాగుతూ చదివిన పుస్తకాలు బెంచీ మీద మరిచిపోయేవాళ్లు. మా పక్క బళ్లో చెప్పేది తమిళం, సంతలో మాట్లాడేది కన్నడం, తెలుగు అచ్చు కంటికి కనబడాలంటే ఆ బెంచీ ఒక్కటే గతి. లారీ డ్రైవర్లు చదివేవి హత్యల పుస్తకాలు. అందుకని మా బావ చదివినవీ హత్యల పుస్తకాలే. వాళ్లు భక్తి పుస్తకాలు మరిచిపోయి ఉంటే ఆయన ఏ స్వామి అయ్యుండేవాడో.

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. అవీ ఆయన పెట్టినవే. చదువు మీద ప్రేమతో కాదు.

"వేలిముద్ర సాక్షి కోర్టులో నిలబడదు నాగమ్మా. లాయరు ఒక్క ఊపు ఊపితే పడిపోతాది. నాకు సంతకం పెట్టే సాక్షి కావల."

"నీకు సాక్షి ఎందుకు బావా? ఏమి చేసినావు?"

"ఏమీ చేయలే. చేయనోడికే గద సాక్షి కావల్సింది. చేసినోడికి ఎందుకు?"

పిల్లలు అ అంటే అమ్మ అని మొదలుపెడతారు. మా ఇంట్లో వేరే పుస్తకం లేదు కాబట్టి నేను శ అంటే శవం అని మొదలుపెట్టాను. రాయడంలో మొదట నేర్పింది 'చూసినాను' అన్న మాట. పలక నిండా చూసినాను, చూసినాను, చూసినాను. ఏమి చూశావని పండక్కి వచ్చిన మా కోడలు అడిగింది. ఇంకా ఏమీ చూడలేదు, తయారవుతున్నానని చెప్పాను.

పుస్తకం చదివి పక్కన పెట్టేసే రకం కాదు ఆయన. ఒక పుస్తకంలో ఎవడో మజ్జిగలో విషం కలిపాడు. ఆ వారమంతా నా చెంబు ఆయన తీసుకుని ఆయన చెంబు నాకిచ్చాడు. "నేను చచ్చిపోతే?" అన్నాను. "అప్పుడు తెలిసిపోతాది గద" అన్నాడు, చాలా మామూలుగా. పుస్తకంలో మంచివాడు చనిపోతే మైల పట్టేవాడు. పెరట్లోకి పోయి తల మీద చన్నీళ్లు పోసుకునేవాడు. మార్గశిరంలో హోసూరు చలి ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకసారి వరసబెట్టి హత్యలున్న పుస్తకం దొరికి జ్వరం తెచ్చుకున్నాడు. చచ్చినవాడు వడ్డీలు పిండే దుర్మార్గుడైతే మాత్రం కాళ్లు కడుక్కుని ఊరుకునేవాడు.

డిటెక్టివులంటే ఆయనకు పడదు. "రాత్రంతా వీధుల్లో తిరుగుతా ఉండాడు. యాడికి పోయినాడో వాని పెండ్లానికే తెలియదు. చచ్చినోని ఇంటి తావ మొదట కనబడేది వీడే. వీణ్ణి ఎవురూ అడగరే?" అని నన్నే అడిగేవాడు, రాసింది నేనైనట్టు. ప్రతి పుస్తకంలోనూ ఆయన అనుమానం డిటెక్టివు మీదే. ఒక్కసారీ నిజం కాలేదు. పుస్తకాలే తప్పు అన్నాడు.

ఇవన్నీ ఇంట్లో సంగతులు. ఊరికి తెలిసిన సంగతి వేరు. ఆయన ఎక్కడికి పోయినా అక్కడ ఉన్నట్టు ఎవరైనా చూడాలి. చూస్తే చాలదు, టైము కూడా చూడాలి. మత్తిగిరి స్టాపులో పూలమ్మే కాంతమ్మ ముందు నిలబడి, "కాంతమ్మా, నన్ను చూసినావు గద? స్వెటరు రంగు చూడు. టైము చూసి పెట్టుకో. రేప్పొద్దున ఎవురైనా అడిగితే తడబడొద్దు" అని చెప్పి గానీ బస్సు ఎక్కేవాడు కాదు. పక్కనే టీ కొట్టు ఖాదర్ భాయ్‌ది. ఆయనకూ అదే పాఠం. బస్సెక్కాక కండక్టరుకు, దిగాక ఎదురొచ్చిన మొదటి మనిషికి. సెల్‌ఫోను మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోయేవాడు. ఫోను ఒక చోట, మనిషి ఒక చోట ఉండి ఊరినంతా మోసం చేసిన కథ ఒకటి చదివాడు. "ఫోనంత అబద్ధపు సాక్షి ఇంకొకటి లే" అన్నాడు. జేబులో వేసుకుంటే సరిపోతుంది కదా అంటే, "అట్లయితే దాని మాట నమ్మినట్లే గద" అన్నాడు. నాకు అర్థం కాలేదు, ఆయనకు అయింది.

ఎవరూ ఆయనను ఏ నేరం గురించీ అడగలేదు. జీవితమంతా ఒక్క పోలీసూ ఆయన వైపు తలెత్తి చూడలేదు.

ఇంకో ఉద్యోగం ఉండేది ఆయనకు. మునెప్ప, గురప్ప అని అన్నదమ్ములు. పక్కపక్క చేలు, ఇద్దరికీ బోరు ఒక్కటే, మాటలు లేవు. ఎందుకు మాట్లాడుకోరో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు, మాట్లాడుకోకూడదన్నది మాత్రం బాగా గుర్తు. నీళ్ల వంతులు, మోటరు రిపేరు, కరెంటు వచ్చింది పోయింది, అన్నీ మా బావ నోటి గుండా పోవాలి. ఇద్దరూ మా అరుగు మీదే, మూరెడు దూరంలో కూర్చుంటారు. "మామా, రేపు నీళ్లు నావని వానికి చెప్పు" అంటాడు మునెప్ప. బావ ఇటు తిరిగి, "రేపు నీళ్లు వానివంట గురప్పా" అంటాడు. "సరేనని చెప్పు మామా" అంటాడు గురప్ప. బావ అటు తిరుగుతాడు. ఊర్లో ఎవరికీ ఇది వింతగా ఉండదు. బయటివాళ్లు చూస్తేనే నవ్వుతారు.

అట్లా మొదట నవ్వినవాడు సూరిబాబు. నా ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాడు. విజయనగరం అవతలి పిల్లవాడు, హోసూరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, చాలా మటుకు రాత్రి షిఫ్టు. వాడికీ పుస్తకాల పిచ్చి ఉంది. ఒక రోజు మా బావ చేతికి ఒక పుస్తకం ఇచ్చి, "తాతగారూ, ఇది కథ కాదండీ. జరిగిందేనండి" అన్నాడు.

"జరిగిందే?"

"అవునండి. ఊరూ పేరూ ఉన్నాయి."

మా బావ ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి పోయాడు, అందులో మనిషి నిద్రపోతున్నట్టు.

అది ఉత్తరాది సంగతి. ఒక వాచ్‌మన్. వాడి యజమానిని ఎవరో చంపారు. ఆ రాత్రి వాచ్‌మన్‌కు సెలవు, ఇంట్లో పడి నిద్రపోయాడు. చూసినవాళ్లు ఎవరని అడిగారు. పెండ్లాం పోయింది, ఒంటిగా ఉంటాడు, నిద్రపోయేవాణ్ణి ఎవరు చూస్తారు? జైల్లో పెట్టారు. పుస్తకం అయిపోయేసరికి కూడా లోపలే ఉన్నాడు. అపీలు వేశారని రాసి, రాసినాయన సంతకం చేసి ముగించాడు.

మా బావ నీళ్లు పోసుకోలేదు. సంగటి ముద్ద ముట్టలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "నాగమ్మా, వాడు ఇంట్లో నిద్రపోయినాడు" అన్నాడు.

"ఎవురు?"

"వాచ్‌మన్. రాసినాయనకు తెలుసు, నాకు తెలుసు, జడ్జికే తెలియదు. నేను పోయి సాక్షి చెప్తా."

"నువ్వు యాడ చూసినావు బావా వాణ్ణి?"

"పుస్తకమంతా చూసినా గద!"

ఇట్లాంటి మనిషికి ఏమి చెప్తాం? సోమవారం పొద్దున పుస్తకం సంచిలో పెట్టుకుని కృష్ణగిరి పోయాడు, కోర్టు దగ్గర లాయర్లుంటారని. దారి పొడుగునా అందరికీ ముఖం చూపించి, టైము చెప్పించి, "కృష్ణగిరికి పోతా ఉండా, పొద్దుగూకినాక గాని రాను" అని దండోరా వేసి మరీ పోయాడు. అక్కడ ఇద్దరు లాయర్లు ఆయనను చూసి తప్పుకున్నారట. మూడో ఆయన, నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న పిల్లవాడు, పుస్తకం మొదటి పేజీ తిరగేసి, "పెద్దాయనా, ఇది అచ్చయ్యే చాలా ఏండ్లాయె. ఆ మనిషి బయటికన్నా వచ్చుంటాడు, పైకన్నా పోయుంటాడు. అయినా చదివినోళ్లంతా సాక్షులైతే కోర్టులో నిలబడే తావుండదు" అని టీ ఇప్పించి బస్టాండు దాకా వచ్చాడట. రాత్రి ఎనిమిదిన్నరకు బావ ఇంటికి చేరాడు. స్వెటరు విప్పకుండా పడుకున్నాడు.

మంగళవారం పొద్దున మునెప్ప కేకలకు ఊరు లేచింది. బోరు దగ్గర స్టార్టరు పెట్టె తెరిచి ఉంది, మోటరు కేబులు లేదు. మా పక్క కేబులు దొంగలు కొత్త కాదు. పైనున్న రబ్బరు కాల్చేసి రాగి అమ్ముకుంటారు. చేలో టొమాటో నాటి వారం కాలేదు, మునెప్ప నోరు ఎట్లా లేచి ఉంటుందో అనుకోండి. ఎవరో అన్నారు, సోమవారం పొద్దుగూకే వేళ సూరిబాబు గోనె మూట భుజాన వేసుకుని పోవడం చూశామని. బరువుగా ఉందట. చుట్టూ చూస్తూ పోయాడట.

వెనక గదికి వచ్చారు. మూట మంచం కింద ఉంది. విప్పితే పుస్తకాలు. హోసూరులో పాత కాగితాల అంగడికి ఒక లోడు తెలుగు పుస్తకాలు వచ్చాయట, తూకానికి కొని మా బావకని తెచ్చాడు. ఆయన ఇంటికి తాళం ఉండటంతో గదిలో పెట్టుకుని, అలిసిపోయి నిద్రపోయాడు, షిఫ్టుకు లేచి పోయాడు.

"పుస్తకాలు మూటెడు ఎవుడు కొంటాడప్పా?" అన్నాడు మునెప్ప. "కేబులు మింద కప్పేదానికి తెచ్చినాడు." అట్టలు చూశాడు. ఒకదాని మీద కత్తి, ఒకదాని మీద తొడుగు వేసుకున్న చెయ్యి, ఒకదాని మీద బీరువా తెరుస్తున్న ముసుగు మనిషి. "నాగమ్మత్తా, నీకు చదవను వస్తాది గద. ఏముందో చెప్పు."

ఒకటి మధ్యలో తెరిచి చదివాను. చప్పుడు కాకుండా గడియ ఎట్లా తీయాలో అందులో ఉంది. నేనేమి చేసేది, ఆ పేజీయే తెరుచుకుంది.

"చూస్తిరా! పాఠాలు!" అన్నాడు మునెప్ప.

"నీ మూటెడు పాఠాలు చదివినాయన ఆ గోడ అవతలే ఉండాడు, ఇన్నేండ్లలో ఒక వంకాయ దొంగిలించినాడా?" అన్నాను నేను. ఎవరూ వినలేదు.

పొద్దుగూకే వేళ నుంచి షిఫ్టు దాకా నిన్ను ఎవరు చూశారని సూరిబాబును అడిగారు. "నిద్రోయానండి" అన్నాడు వాడు. "నిద్రోయినోణ్ణి ఎవరు చూస్తారండీ?"

మా బావ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆ మాట వినగానే ఆయన చెయ్యి కళ్లద్దాల దారం మీదికి పోయింది.

బుధవారం పొద్దున పాల సొసైటీ అరుగు మీద పంచాయితీ అన్నారు. లెక్క తేలకపోతే స్టేషనుకు అప్పగించడం. వాళ్లు పోయాక సూరిబాబు నా వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. "మామ్మగారూ, ఓపాలి స్టేషన్లో పేరు పడితే మరి ఏ కంపెనీ గేటూ దాటనివ్వరండి. పనే పోద్ది. మాయమ్మకి ఏటి చెప్పనండీ?"

 జవాబు మా బావ దగ్గర ఉంది. "నువ్వు నా ఇంట్లో ఉండావు. మూట విప్పుకుని కూర్చుంటిమి. నేను చూసినా" అన్నాడు.

"మీరు కృష్ణగిరిలో ఉన్నారు కదండీ!"

"అది నేను చూసుకుంటా."

ఏమి చూసుకుంటాడు? అన్నేళ్లు కష్టపడి కట్టుకున్నదంతా ఇప్పుడు విప్పుకోవాలి. మంగళవారం మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని మత్తిగిరి స్టాపుకు పోయాడు.

"కాంతమ్మా, సోమవారం నువ్వు నన్ను చూడలే."

"చూసినా గద మామా! ఏడూ నలభైకి. ఇదే స్వెటరు. కృష్ణగిరికి పోతా ఉండా, పొద్దుగూకినాక గాని రానంటివి."

"అది మర్చిపో."

"ఏమి మామా నువ్వు? గుర్తు పెట్టుకో గుర్తు పెట్టుకో అని ఇన్నేండ్లు ప్రాణం తీస్తివి. ఇప్పుడు మర్చిపోమంటే యాడికి పోతాది అది?"

ఖాదర్ భాయ్ ఇంకా అన్యాయం. "పెద్దాయనా, మా చెల్లెలి పెండ్లి రోజు నేను మర్చిపోయినా, మా ఇంట్లో ఇంకా తిడతా ఉండారు. నువ్వు సోమవారం రాత్రి ఎనిమిదింటికి ఈడ బస్సు దిగి రెండు బన్నులు తిన్నది మాత్రం మర్చిపోలే. ఎవురైనా అడిగితే గట్టిగా చెప్తా. నువ్వేం భయపడొద్దు."

"భయ్యా, నేను భయపడేదే దానికి."

అంతలో టౌన్ బస్సు వచ్చింది. మేము నోరు తెరవకముందే కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి అరిచాడు. "తాతా! సోమవారం రాత్రి! డ్రైవరు వెనకాల సీటు, కిటికీ పక్క! గుర్తుంది!" బస్సు పోయింది. ఎన్నేళ్లుగానో విసుక్కున్నవాడు, ఆ రోజే మొదటిసారి ఆయన మనసు సంతోషపెట్టాలనుకున్నాడు పాపం.

నడిచి వస్తూ, "నాగమ్మా, నువ్వైనా చెప్పవల్ల" అన్నాడు.

"నేను చెప్పను బావా. నువ్వు నేర్పించిందే ఆ ఒక్క మాట. చూసినాను. చూడందానికి ఎట్ల చెప్పేది?"

 "నిన్ను మరీ గట్టిగా తయారుచేసినా" అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో ఆయన ముఖంలో తెలియలేదు.

బుధవారం ఊరంతా సొసైటీ అరుగు ముందు చేరింది. పెద్దమనిషి తిమ్మరాయప్ప నడిమధ్య కూర్చున్నాడు. మునెప్ప తన మాట చెప్పాడు, సూరిబాబు తన నిద్ర సంగతి చెప్పాడు. కాంతమ్మ పూలబుట్టతో వచ్చింది. ఖాదర్ భాయ్ కొట్టు మూసి వచ్చాడు, సాక్షి చెప్పే రోజు చివరికి వచ్చిందని ముఖం వెలిగిపోతోంది. అప్పుడే గురప్ప కూడా వచ్చాడు, చేతిలో సంచితో, కృష్ణగిరిలో కూతురి కాన్పు చూసుకుని, తిన్నగా బస్సు దిగి. అన్న పెట్టించిన పంచాయితీ కాబట్టి అది దేని గురించని ఎవరినీ అడగలేదు. అన్నకు వీపు పెట్టి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

మా బావ లేచాడు. దారం చెవికి చుట్టుకున్నాడు.

"సోమవారం పొద్దుగూకే యాలకు ఈ పిల్లోడు నా ఇంట్లో ఉండె. మూట నాకోసరం తెచ్చినాడు. ఇద్దరమూ విప్పి చూసుకుంటా కూర్చుంటిమి. నేను సాక్షి."

కాంతమ్మ దగ్గింది. ఖాదర్ భాయ్ ఆకాశం చూశాడు. సగం ఊరికి తెలుసు ఆయన ఆ వేళకు ఎక్కడున్నాడో, తెలిసేట్టు చేసింది ఆయనే. అయినా ముఖం మీద అబద్ధమని ఎవరంటారు? తిమ్మరాయప్ప తెలివైనవాడు, నా వైపు తిరిగాడు.

"నాగమ్మక్కా, గోడ అవతలే ఉండావు. సోమవారం పొద్దుగూకే యాలకు నీ బావ ఇంట్లో ఉండెనా?"

లేచి నిలబడ్డాను. సూరిబాబు నా ముఖమే చూస్తున్నాడు. మా బావ చూడలేదు, కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటున్నాడు. నేను నోరు తెరిచాను.

"అబద్ధం!" అని అరుపు వచ్చింది. నాది కాదు. గురప్పది.

"ఆయన ఇంట్లో లే! పొద్దుగూకే యాలకు నేనే పోయినా. తలుపుకు బీగం ఉండె. తట్టినా. ఫోను చేసినా, తలుపు అవతలే మోగతా ఉండె! నాగమ్మత్త కూడా లే, పాలు పోసేకి పోయుండె."

"బీగం ఉండే తలుపు ఎందుకు తడితివప్పా?" అన్నాడు తిమ్మరాయప్ప.

"అర్జెంటు గద! కూతురికి నొప్పులని ఫోనొచ్చె. నేను బస్సుకు పోవల. ఈయనకు చెప్పి పోదామని చూస్తి."

"ఏమి చెప్పాలని?"

"కేబులు నేను పీకినానని! పందికొక్కు కొరికుండె, హోసూరు అంగట్లో అతుకు వేసేకి ఇచ్చినా, వచ్చేదాకా మోటరు తావకు పోవద్దని మా అన్నకు చెప్పమని. ఇంకెవురికి చెప్పేది నేను?"

 నవ్వు ఇంకా ఎవరికీ తట్టలేదు. మునెప్ప ముఖం ఎర్రబడింది. తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. అయినా మా బావ వైపే తిరిగాడు.

"మామా, పీకేముందు నాకొక మాట చెప్పుండొచ్చు గద అని వాణ్ణి అడుగు."

మా బావ గురప్ప వైపు తిరిగాడు. "పీకేముందు చెప్పుండొచ్చు గద అంటా ఉండాడు."

"చెప్పేకే వస్తినని చెప్పు మామా. నువ్వు ఇంట్లో లేవని చెప్పు."

మా బావ మునెప్ప వైపు తిరిగాడు. నోరు తెరిచాడు, మూశాడు. అన్నదమ్ముల మధ్య మాట మార్చి చెప్పిన మనిషి కాదు ఆయన, ఏనాడూ.

"నేను ఇంట్లో లేనంట మునెప్పా" అన్నాడు.

అప్పుడు తట్టింది నవ్వు. కాంతమ్మ పూలబుట్ట మీద పడి నవ్వింది. నవ్వనివాళ్లు ఇద్దరే, మా బావ, సూరిబాబు. సూరిబాబు ఏడుస్తున్నాడు. మునెప్ప వాడి పక్కనే నిలబడి, "తప్పయిందని ఆ పిల్లోనికి చెప్పు మామా" అన్నాడు, అలవాటు మీద. బావ చెప్పాడు.

దొంగసాక్షి చెప్పినవాడు ఇక మీద పంచాయితీలో నోరు తెరవకూడదని తిమ్మరాయప్ప తీర్పు చెప్పాడు. "న్యాయమే" అన్నాడు మా బావ. ఇంటికి వచ్చి పెరట్లో తల మీద నీళ్లు పోసుకున్నాడు. ఎవరు పోయారని అడిగాను. "ఆ వాచ్‌మన్‌కు ఎవురూ పోసుకోలే గద" అన్నాడు.

తర్వాత ఒకే ఒక ప్రశ్నతో నన్ను వేధించాడు. పాలు పిండుతున్నా, రాగులు చెరుగుతున్నా వచ్చి నిలబడేవాడు. "నాగమ్మా, ఆ పొద్దు లేచి నిలబడితివి గద. గురప్ప అరవకపోయుంటే ఏమి చెప్పుంటివి?" నేను చెప్పలేదు. ఆయనకే చెప్పనిది ఇక్కడా రాయను.

ఆ మూట పుస్తకాలన్నీ చదివాడు. ఈ సంవత్సరం పండక్కి మంచం పట్టాడు. పట్టీ పట్టకముందే మంచం ముందరి అరుగు మీద వేయించుకున్నాడు. "లోపల పోతే అనుమానం వస్తాది. నీకు తిప్పలు. ఈడైతే పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తారు" అన్నాడు. దారిన పోయేవాళ్లను పిలిచి ముఖం చూపించడం మానలేదు. మత్తిగిరి డాక్టరు వయసు అని చెప్పిపోతే, "వయసంట, ఇంకేమీ కాదంట" అని ఆయనకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించినట్టుంది.

ఆ మంగళవారం పొద్దున అన్నదమ్ములిద్దరూ నీళ్ల వంతు గురించి వచ్చి మంచానికి అటొకడు, ఇటొకడు కూర్చున్నారు. సూరిబాబు షిఫ్టు దిగి వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. కాంతమ్మ స్టాపుకు పోతూ ఆగింది. ఖాదర్ భాయ్ పాలల్లో నానబెట్టి పెట్టమని బన్ను తెచ్చాడు.

"మామా, ఈ పొద్దు నీళ్లు నావని వానికి చెప్పు" అన్నాడు మునెప్ప.

మా బావ గురప్ప వైపు తల తిప్పబోయి, సగంలో ఆగి, నా వైపు చూశాడు.

"టైమెంత నాగమ్మా?"

గుమ్మంలోంచి వంగి గడియారం చూసి, రెండు నిమిషాలు తీసేశాను. "ఎనిమిదీ పది బావా."

సరే అన్నట్టు తల ఆడించాడు. ఆ తర్వాత ఏమీ లేదు.

గురప్ప ఇంకా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. మునెప్ప జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఇద్దరి మధ్యా మా బావ కళ్లద్దాలు పెట్టుకునే పడుకుని ఉన్నాడు. ఎంతసేపటికో గురప్ప తలెత్తి, మంచం మీదుగా, "అన్నా, మామ పోయినాడు" అన్నాడు.

"చూసినా" అన్నాడు మునెప్ప.

ఆ పొద్దు అక్కడున్నవాళ్లు: మునెప్ప. గురప్ప. సూరిబాబు. కాంతమ్మ, తల మీద బుట్ట దించలేదు. ఖాదర్ భాయ్, చేతిలో బన్ను. మంచం మీద మా బావ. గుమ్మంలో నేను, నాగమ్మ. చూసినాను.